పావురం వెనక సీటు

"కాస్త ఊపిరి బిగబట్టుకుంటారా?"

ఆమె అతనితో అన్న మొదటి మాట అది. నమస్కారం లేదు, మీరెవరు అని అడగడం లేదు.

అతను అప్పుడే వర్క్‌షాప్‌లోంచి మ్యూజియం హాల్లోకి వచ్చాడు. చేతిలో పానా, భుజం మీద నూనె గుడ్డ. హాలు మధ్యలో కంపెనీ చేసిన మొట్టమొదటి చిన్న కారు ఉంది. దాని పక్కన మోకాళ్ళ మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్స్, చేతిలో ఒక కర్ర, ఆ కర్ర చివర బొచ్చు తొడుగు వేసిన మైకు.

అతను ఊపిరి బిగబట్టాడు. ఆమె కారు తలుపు తీసి వేసింది. ఠప్. మళ్ళీ తీసి వేసింది. ఠప్. మూడోసారికి అతని మొహం కందిపోయింది.

"కట్. ఇక వదలొచ్చు," అంది ఆమె.

"థాంక్సండి. ఇంకో ఠప్పు వేసుంటే నన్ను కూడా ఈ కారు పక్కనే నిలబెట్టి, చుట్టూ తాడు కట్టి, 'ముట్టుకోరాదు' అని బోర్డు పెట్టేవాళ్ళు."

ఆమె నవ్వలేదు. "మీ ఎడమ కాలి చెప్పు కిర్రుమంటోంది. అందువల్ల ఇందాకటి టేకు పోయింది."

"రేపట్నుంచి చెప్పుకి కూడా గ్రీజు పెట్టుకొస్తాను."

"పెట్టుకోండి," అంది సీరియస్‌గా, మళ్ళీ కారు తలుపు మీద చెయ్యి వేస్తూ. "రోలింగ్."

అతను పానా గుండెకి హత్తుకుని, అడుగు తీసి అడుగు వేయకుండా, ఆ కారు పక్కన మరో కారులా నిలబడిపోయాడు.

* * *

ఆ మ్యూజియం ఒకప్పుడు ఫ్యాక్టరీ. కంపెనీ ఊరి బయట కొత్త ప్లాంటు కట్టుకుని వెళ్ళిపోయాక, తమ మోటార్‌సైకిళ్ళూ చిన్న కార్లూ పుట్టిన ఈ పాత షెడ్డుని కూలగొట్టకుండా ఉంచేసింది. రంపం పళ్ళలాంటి పైకప్పు, ఆ పళ్ళ మధ్య అద్దాలు. పొద్దున్నే ఆ అద్దాల్లోంచి ఎండ దిగి ఒక్కో బండినీ పలకరించుకుంటూ పోతుంది. సాయంత్రం చివరి వరసలో ఉన్న పావురం దగ్గర కాసేపు ఆగుతుంది.

పావురం అంటే ఒక మోటార్‌సైకిల్. కంపెనీ దానికి వేరే పేరేదో పెట్టింది గానీ అది కాగితాల మీదే ఉండిపోయింది. బూడిదరంగు ట్యాంకు చూసి, నిలబడి ఉన్నప్పుడు గొంతులో గుర్రుగుర్రుమనే కూత విని జనమే దాన్ని పావురం అన్నారు. కొత్తగా ఉద్యోగం వచ్చినవాళ్ళూ, కొత్తగా పెళ్ళయినవాళ్ళూ కొనుక్కున్న బండి అది.

"అందరూ బళ్ళని చూసి వెళ్ళిపోతున్నారు. ఒక్కరూ వినడం లేదు," అని క్యూరేటర్ మేడమ్‌కి ఒకరోజు తోచింది. ఆవిడ నడివయసు మనిషి. చేతిలో పసుపు రంగు గుడ్డ లేకుండా ఎవరూ ఆవిణ్ణి చూడలేదు. మాట్లాడుతూనే దగ్గర్లో ఉన్నది తుడిచేస్తుంది, ఒక్కోసారి ఎదుటివాళ్ళ చొక్కా బొత్తాలతో సహా. ఆవిడకి తోచిందంటే అయిపోయినట్టే. షెడ్డు చివర గదిని శబ్దాల గది చేయాలనుకుంది. గోడల నిండా పాత హెడ్‌లైట్ డొప్పలు, డొప్పలో చిన్న స్పీకరు. హారన్ బటన్ నొక్కి డొప్పకి చెవి ఆనిస్తే ఆ బండి గొంతు వినపడాలి. దానికోసమే ఈ అమ్మాయిని పిలిపించింది.

అతను మ్యూజియం మెకానిక్. ఇంజన్ మీద స్టెతస్కోప్ ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు కాబట్టి అందరూ డాక్టరు అంటారు. ఆమె వచ్చిన వారానికి అతను ఆమెకీ ఒక పేరు పెట్టాడు.

"సైలెన్స్ మేడమ్, ఇవాళ ఏ పేషెంటు?"

"డెలివరీ వ్యాన్. రూల్ గుర్తుందిగా?"

"రోలింగ్ అన్నాక కట్ అనేదాకా మాట్లాడకూడదు."

"మాట్లాడకపోవడం ఒక్కటే కాదు. రోలింగ్‌కీ కట్‌కీ మధ్య మీరు మనిషి కాదు, గోడ."

"గోడకి దురద పుడితే?"

"గోడ ఓర్చుకుంటుంది."

"గోడకి తుమ్మొస్తే?"

"గోడని మార్చేస్తాను."

అతను నిజంగానే గోడలా నిలబడేవాడు. వ్యాన్ స్టార్ట్ చేసి, ఆమె వేలు చూపిస్తే యాక్సిలరేటర్ పెంచి, వేలు దించితే తగ్గించి, మధ్యలో ముక్కు మీద వాలిన ఈగని కూడా అలాగే మోసేవాడు. ఒకసారి ఆమె ఆ ఈగని చూసి పెదవి కొరుక్కుంది. అయినా నవ్వు ఆగలేదు. టేకు పోయింది.

"ఈసారి తప్పు గోడది కాదు," అన్నాడు అతను.

"ఈగది," అంది ఆమె. ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసి టీ తాగడం మొదలైంది. వర్క్‌షాప్ మెట్ల మీద రెండు కప్పులు, మధ్యలో బొచ్చు మైకు.

"మీ కుక్కపిల్లకి కూడా కొంచెం పోయనా?" అనేవాడు.

"దానికి టీ అలవాటు చేయకండి. రాత్రిళ్ళు నిద్రపోదు."

పనులు ఒక్కొక్కటీ అయిపోతున్నాయి. చివరికి పావురం మిగిలింది. దాని కార్బురేటర్ విప్పి బిగించడానికి అతను మామూలుకన్నా ఎక్కువ రోజులు తీసుకున్నాడు. ఎందుకో క్యూరేటర్ మేడమ్‌కి అర్థమైంది, పసుపు గుడ్డతో నవ్వు తుడుచుకుని వెళ్ళిపోయింది. అర్థం కావలసిన మనిషికి మాత్రం కాలేదు.

"వేరే సిటీలో పెద్ద సౌండ్ స్టూడియో ఉంది, వాళ్ళు నన్ను రమ్మంటున్నారు," అంది ఆమె ఓ రోజు, టీ చల్లార్చుకుంటూ. "గది ఓపెనింగ్ లోపే ఏ సంగతో చెప్పాలి."

"మంచి జాబేనా?"

"చాలా."

"వెళ్తారా?"

"ఇంకా ఏమీ చెప్పలేదు."

"ఓహో," అన్నాడతను. అప్పటికే బిగించి ఉన్న బోల్టుని మళ్ళీ బిగించాడు. ఇంకాస్త బిగిస్తే అది విరిగేదే.

ఆమె ఆ చేతుల వైపు చూసింది. ఇంకేమైనా అంటాడేమోనని కప్పు ఖాళీ అయ్యాక కూడా కాసేపు తాగుతూనే ఉంది.

* * *

పావురం గొంతు అద్భుతంగా వచ్చింది. స్టాండు వేసి, షెడ్డు తలుపులన్నీ మూసి, ఫ్యాన్లు ఆపి రికార్డు చేశారు. ఎక్కడా గరగర లేదు. డాక్టరు ట్యూన్ చేసిన ఇంజన్, సైలెన్స్ మేడమ్ పట్టిన శబ్దం. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకున్నారు.

ఓపెనింగ్‌కి ముందు, ఒకప్పుడు ఆ బళ్ళు నడిపినవాళ్ళని కొందరిని పిలిచి వినిపించారు. వచ్చినవాళ్ళలో ఆమె నాన్న ఒకరు. రిటైరైన లెక్కల మాస్టారు, భార్య పోయిన మనిషి. తన పావురాన్ని ఎప్పుడో అమ్మేశాడు గానీ, ఇప్పటికీ ఎడమ కాలితో గేరు వేస్తున్నట్టు నడుస్తాడని కూతురి ఫిర్యాదు.

వ్యాన్ డొప్ప దగ్గర నవ్వులు వినపడ్డాయి. చిన్న కారు తలుపు చప్పుడుకి ఒకాయన "అదీ!" అని చప్పట్లు కొట్టాడు. పావురం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ చెవి ఆనించి, మర్యాదగా తలూపి, "బాగుంది" అని ముందుకి వెళ్ళిపోయారు. బటన్ రెండోసారి నొక్కినవాళ్ళు లేరు.

సాయంత్రం ఇంట్లో నాన్న బీన్స్ తుంచుతుంటే ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"చెప్పు నాన్నా. ఎలా ఉంది?"

"బాగుందమ్మా."

"నీ 'బాగుంది' నాకు తెలీదా? నేను ఉప్పు మర్చిపోయిన కూరకి కూడా ఇలాగే అంటావు."

ఆయన బీన్స్ పక్కన పెట్టాడు. "ఎవరూ ఎక్కని బండిలా ఉంది తల్లీ."

"అంటే?"

"అంటే ఏముంది, మా పావురం ఎప్పుడూ అంత ఒంటరిగా కూయలేదు. షాపులో కొన్నప్పుడు అలా ఉండుంటుంది. ఆ తర్వాత నేనెక్కాను, వెనక మీ అమ్మ ఎక్కింది, చేతిలో సంచి, ఒక్కోసారి సంచిలో గుమ్మడికాయ. ఇంతమందిని మోస్తుంటే దాని గొంతు అదోలా ఉండేది. బరువుగా, లోపల్నుంచి. మాకందరికీ తెలిసిన పావురం అదే."

ఆమె బీన్స్ గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది. కదలని బండి గొంతు పట్టింది తను. అంత శ్రద్ధగా అన్ని చప్పుళ్ళూ తీసేసింది. తీసేసినవాటిలో మనుషులు కూడా పోయారు.

మర్నాడు ఈ మాట చెప్పగానే డాక్టరు నూనె చేత్తోనే నుదురు కొట్టుకున్నాడు. నుదుటి మీద నల్లటి ముద్ర పడింది.

"ఎంత తెలివితక్కువవాళ్ళమండీ మనం! బరువు లేకుండా ఇంజన్ ఎలా మాట్లాడుతుంది? దాన్ని నడపాలి. ఎత్తు ఎక్కించాలి. వెనక మనిషి ఉండాలి."

"వెనక ఎవరు?"

"మైకు ఎవరు పట్టుకుంటే వాళ్ళు," అన్నాడతను కింద పడని స్పానర్ కోసం కిందికి చూస్తూ.

* * *

మ్యూజియంలో బండి తాడు దాటి బయటికి రాకూడదు. క్యూరేటర్ మేడమ్‌ని ఒప్పించడానికి ఒక పూట పట్టింది.

"గీత పడితే?"

"నేనే రంగేస్తాను."

"పడిపోతే?"

"పావురాన్ని పడనివ్వను మేడమ్."

"అమ్మాయిని?"

"ఆవిణ్ణి అసలు పడనివ్వను."

మేడమ్ అతని చొక్కా బొత్తాం తుడిచింది. "షెడ్డు వెనక పాత టెస్ట్ ట్రాక్ ఉంది కదా, అక్కడే. వానొస్తే వెంటనే లోపలికి రావాలి."

ఆ మధ్యాహ్నం ఆకాశం మబ్బుపట్టి, ఎవరి మాట వినాలో తేల్చుకోలేనట్టు ఉంది. ట్రాక్ పక్కన గడ్డి ఏపుగా పెరిగింది. దూరంగా చిన్న ఎత్తు. ఒకప్పుడు కంపెనీ కొత్త బళ్ళకి దమ్ముందో లేదో అక్కడే చూసేవాళ్ళు.

ఆమె ఒక మైకు సీటు కింద కట్టింది, ఇంకోటి తన చెవి పక్కన హెల్మెట్‌కి తగిలించింది. అతను కిక్ కొట్టాడు. పావురం ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుంది. ఆమె వెనక కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక మొదట సీటు పట్టుకుంది. బండి కదిలేసరికి అతని భుజం పట్టుకుంది.

"పర్వాలేదా?" అని అడిగింది.

"ఈ భుజం మీదేనండి," అన్నాడతను.

"భుజానికి పర్వాలేదా అని అడుగుతున్నాను."

"భుజం చాలా సంతోషంగా ఉందండి."

ఆమె నవ్వు అతని వీపుకి తెలిసింది. "ఇక గోడైపోండి. రోలింగ్!"

పావురం పరుగందుకుంది. నాన్న చెప్పింది నిజమే. ఇద్దరు మనుషులు ఎక్కిన బండి మరో బండి. కూతలో పల్చదనం తగ్గి, కింద నుంచి ఏదో నిండుతూ వచ్చింది. ఎత్తు మొదలైంది. శబ్దం బరువెక్కి సీటులోంచి ఎముకల్లోకి ఎక్కింది. సరిగ్గా అప్పుడే చినుకులు పడ్డాయి. ముందు ట్యాంకు మీద, తర్వాత అతని మెడ మీద. ఆమె ఆ మెడ మీద జారుతున్న చినుకుని చూసింది. ఒకటి జారిపోగానే ఇంకోటి పడింది.

ఎందుకు అడిగిందో ఆమెకే తెలియదు. ఎదురుగా మొహం ఉంటే అడిగేది కాదు. ఉన్నది వీపు కాబట్టి ధైర్యం వచ్చింది.

"నేను ఆ జాబ్‌కి వెళ్ళిపోనా? వద్దా?"

పావురం ఒక్క క్షణం తడబడి, సర్దుకుంది.

"మీరేమంటారో తెలుసుకుందామని," అంది మళ్ళీ, గొంతు తగ్గించి.

పావురం ఎత్తు ఎక్కేసింది. అతను మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. తల కూడా తిప్పలేదు.

షెడ్డు దగ్గర బండి ఆగింది. "కట్," అంది ఆమె పొడిగా. వాన అప్పటికి జోరందుకుంది. క్యూరేటర్ మేడమ్ గొడుగూ టార్పాలినూ పట్టుకుని పరిగెత్తుకొచ్చి, ఇద్దరినీ తోసేసి, పావురానికి గొడుగు పట్టింది.

"అయ్యో తల్లీ, తడిసిపోయావా!" అని ట్యాంకు నిమిరింది.

అతను ఇటు తిరిగేసరికి ఆమె లేదు.

* * *

ఇప్పుడు అతని సంగతి చెప్పాలి.

ఆ ప్రశ్న అతను విన్నాడు. ఒక్కో అక్షరం విన్నాడు. నోటిదాకా వచ్చిన మాటని పళ్ళతో పట్టి ఆపాడు. టేకు బాగా నడుస్తోంది, ఎత్తు సగంలో ఉన్నారు, వాన పడుతోంది, పావురాన్ని మళ్ళీ బయటికి తీయనివ్వరు. ఆమె మాటైతే ఆమే కత్తిరించుకుంటుంది, ఇప్పుడు తను కూడా నోరు తెరిస్తే ఆమె ఇన్నాళ్ళ పని పోతుంది. ఆమె కట్ అనగానే చెప్పాలనుకున్నాడు. ఆమె కట్ అంది, దిగింది, వెళ్ళిపోయింది.

మర్నాడు గ్రీజు కడుక్కుని, జుట్టు దువ్వుకుని, శబ్దాల గదికి వెళ్ళాడు. ఆమె డొప్పలో స్పీకరు బిగిస్తోంది.

"నిన్న మీరు జాబ్ గురించి..."

"వస్తానని చెప్పేశానండి వాళ్ళకి. ఓపెనింగ్ అయిన వెంటనే ప్రయాణం."

అతనికి ఇక అడగడానికేమీ కనిపించలేదు. తనని అడిగిందంటే ఊరికే అడిగి ఉంటుంది, మనసులో ముందే అనుకుని ఉంటుంది. "కంగ్రాట్స్," అన్నాడు. ఆ మాట బయటికి రావడానికి కాస్త తోయాల్సొచ్చింది.

"థాంక్స్. ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇస్తారా?"

ఇచ్చాడు. ఆ రోజు మెట్ల మీద రెండు కప్పులు పెట్టాడు. ఒకటి చల్లారిపోయింది.

* * *

ఓపెనింగ్ ముందు రోజు మధ్యాహ్నం ఆమె ఇంట్లో కూర్చుని పావురం రికార్డింగ్ కత్తిరిస్తోంది. మాటలు తీసేసి వేరే ఫైలు చేసింది, గదికి వెళ్ళేది అది. తీసేయనిది ఇంకా లాప్‌టాప్‌లోనే ఉంది. నాన్న టీ పట్టుకొచ్చి పక్కన నిలబడ్డాడు.

"నేనూ వింటానే."

ఆమె హెడ్‌ఫోన్స్ ఆయన తలకి తగిలించి, ప్లే నొక్కి, టీ కప్పు అందుకుంది. ఏ ఫైలు నొక్కిందో చూసుకోలేదు.

నాన్న మొహం చూస్తూ ఉంది. ముందు కనుబొమ్మలు లేచాయి. తర్వాత పెదవులు కొద్దిగా విడివడ్డాయి. ఆయన మెల్లగా మంచం మీద కూర్చున్నాడు.

"ఇలాగా ఉండేది..." అన్నాడు.

"ఏంటి నాన్నా? మళ్ళీ తప్పొచ్చిందా?"

"లేదమ్మా. నేనెప్పుడూ ముందు కూర్చునేవాణ్ణి. గాలి చప్పుడే ఎక్కువ వినపడేది. ఇది వెనక సీటు శబ్దం. మీ అమ్మ విన్నది ఇది." ఆయన హెడ్‌ఫోన్స్‌ని రెండు చేతులతో చెవులకి అదుముకున్నాడు. "బండెక్కితే ఎందుకంత నిశ్శబ్దంగా ఉండేదో తెలిసేది కాదు నాకు. అలిగిందేమో అనుకునేవాణ్ణి. పిచ్చిది, దీన్ని వింటూ కూర్చునేదన్నమాట."

ఆమె కళ్ళు మసకబారాయి. అలా మసకబారుతుండగా గుర్తొచ్చింది, తను నొక్కింది ఏ ఫైలో. కప్పు బల్ల మీద పెట్టి చెయ్యి చాపింది. అప్పటికే నాన్న కళ్ళు కూతురి వైపు తిరిగాయి.

"నాన్నా, అది తీసేయాల్సింది. ఇటివ్వు!"

"ఉండు."

"నాన్నా ప్లీజ్."

"ఉండవే. మళ్ళీ వెనక్కి తిప్పు. ఎత్తు దగ్గర్నుంచి."

ఆయన మాస్టారి గొంతుతో అన్నాడు. ఆమె తిప్పింది. ఆయన విని, హెడ్‌ఫోన్స్ తీసి కూతురి తలకి తగిలించాడు.

"ఎవరే అతను?"

"మెకానిక్. డాక్టరు అంటారు. ఎవరైతేనేం, అడిగితే ఒక్క మాటైనా అనలేదు."

"నోటితో అనలేదు. విను."

విన్నది. తన గొంతు: వెళ్ళిపోనా, వద్దా? వెంటనే ఇంజన్ ఒక్కసారి నీరసించి, మళ్ళీ లేచింది. ఆ చోటు ఆమెకి తెలుసు. 'ఇంజన్ తడబాటు, సరిచేయాలి' అనుకుని పక్కన పెట్టింది.

"పెట్రోలు సరిగ్గా అందలేదనుకున్నాను," అంది.

"ఎత్తు ఎక్కుతున్న బండికి ఎవడైనా యాక్సిలరేటర్ తగ్గిస్తాడా? చెయ్యి జారింది అతనికి. నువ్వు పుట్టబోతున్నావని మీ అమ్మ నాకు బండి మీదే చెప్పింది, ఇలాగే ఓ ఎత్తు మీద, ఇలాగే వెనక నుంచి. నా చెయ్యి కూడా ఇలాగే జారింది. బండి ఆగిపోయి, వెనక లారీవాడు నన్ను తిట్టని తిట్టు లేదు." ఆయన నవ్వాడు. "ఏమీ పట్టనివాడి చెయ్యి జారదమ్మా."

ఆమె ఆ ముక్కని మళ్ళీ విన్నది. మళ్ళీ విన్నది. నాన్న తెచ్చిన టీ చల్లారిపోతుంటే, ఆయనే తీసుకెళ్ళి, వెచ్చబెట్టి, మళ్ళీ తెచ్చాడు.

* * *

ఓపెనింగ్ రోజు శబ్దాల గదిలో కాలు పెట్టే చోటు లేదు. పావురం డొప్ప దగ్గర వరస కట్టారు. బటన్ నొక్కి, విని, మళ్ళీ నొక్కి, వెనకవాళ్ళు గొణుగుతుంటే కదలకుండా, ఇంకోసారి నొక్కి. ఒకావిడ భర్త చెయ్యి లాగి తన చెవి పక్కనే ఆయన చెవి పెట్టించింది. క్యూరేటర్ మేడమ్ స్పీచ్ ఎవరూ వినలేదు. వినకపోయినా ఆవిడ చాలా సంతోషంగా మాట్లాడింది.

డాక్టరు వర్క్‌షాప్ మెట్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో మైకు లేదు, మెడలో హెడ్‌ఫోన్స్ లేవు.

"ఆ రోజు ఎందుకు మాట్లాడలేదు?"

అతను లేచి నిలబడ్డాడు. "మీరు కట్ అనలేదు."

ఆమె చెయ్యి అలవాటుగా మెడలో లేని హెడ్‌ఫోన్స్ కోసం వెళ్ళింది.

"రోలింగ్‌కీ కట్‌కీ మధ్య నేను గోడని. రూల్ మీదే," అన్నాడు. "మాట్లాడితే మీ టేకు పోయేది. అంత బాగా వస్తోంది. వానొకటి."

"ప్రాణం మీదికొచ్చినా గోడలాగే ఉంటారా మీరు?"

"ఎవరి ప్రాణం?"

"నాది! ఎత్తు మీద నుంచి షెడ్డు దాకా ఎలా వచ్చాననుకున్నారు?"

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తెలియక కొంగుతో మొహం అంతా తుడుచుకుంది. అతను జేబులోంచి గుడ్డ తీశాడు. నూనె మరకలు చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"సరే," అంది ఆమె. "ఇప్పుడు ఏదీ రోలింగ్‌లో లేదు. చెప్పండి. ఆ రోజు ఏం అనబోయారు?"

"వద్దు అనబోయాను. వెళ్ళొద్దు, అని."

ఆమె ఊపిరి బిగబట్టుకుంది.

"అనకపోవడమే మంచిదైంది," అన్నాడతను. "తర్వాత ఆలోచించాను. పావురాన్ని ఆ ఎత్తు ఎక్కించకుండా ఇక్కడే తాడు కట్టి ఉంచితే ఎలా ఉండేదో విన్నాం కదా మనం. వెళ్ళండి. బాగా పని చేయండి. సెలవు దొరికినప్పుడల్లా నేనొస్తాను. అక్కడా పాత బళ్ళుంటాయి, మెకానిక్‌లు కావాలి. లేకపోయినా వస్తాను. మీరంటే నాకు..." ఆగాడు. "ఇంజన్ సంగతులైతే గబగబా చెప్పేస్తానండి. ఇది రావడం లేదు. మీరంటే చాలా ఇష్టం."

"వద్దని ఉంటే నాకు కోపమొచ్చేది," అంది ఆమె.

"ఏమీ అనకపోతే?"

"ఇంకా ఎక్కువొచ్చింది."

"ఇప్పుడు?"

ఆమె ఒక మెట్టు ఎక్కి అతని పక్కన నిలబడింది. "ఇప్పుడేం లేదు. అయినా ఇదంతా చెప్పాక కూడా ఇంకా 'మీరు', 'అండీ' ఏంటి?"

"మరి?"

"అలవాటు చేసుకో."

అతను ప్రయత్నించాడు. "నువ్వు..." అన్నాడు. ఆ ఒక్క మాటకే చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆమె అతని చెయ్యి అందుకుని, వేళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని ఆ నలుపుని బొటనవేలితో రుద్దుతూ నిలబడింది.

అలా నిలబడి ఉండగానే వెనక నుంచి దగ్గు వినపడింది. నాన్న. ఆయన వెనక క్యూరేటర్ మేడమ్, గుడ్డతో సహా.

ఇద్దరూ చేతులు వదిలేశారు. నాన్న కూతురి వైపు చూడలేదు. నేరుగా అతని దగ్గరికి వచ్చాడు.

"బాబూ, ఒక కోరిక. నన్ను పావురం మీద ఒక రౌండు తిప్పుతావా? వెనక కూర్చుంటాను. నేనెప్పుడూ కూర్చోలేదు అక్కడ."

అతను క్యూరేటర్ మేడమ్ వైపు చూశాడు. ఆవిడ నోరు తెరిచింది, బండి తాడు దాటకూడదని చెప్పడానికే అయి ఉంటుంది. నాన్న మొహం చూసి, తన కళ్ళద్దాలు తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

"ఒక్క రౌండు. నేను చూడలేదు," అంది.

పావురం మళ్ళీ ట్రాక్ ఎక్కింది. రాత్రి వాన వెలిసిన నేల మీద ఎండ పచ్చగా ఉంది. ముందు అతను, వెనక లెక్కల మాస్టారు, రెండు చేతులూ అతని భుజాల మీద వేసి, కళ్ళు మూసుకుని. ఎత్తు దగ్గర బండి గొంతు బరువెక్కడం ఆమెకి ఇక్కడిదాకా వినిపించింది. రికార్డు చేయాలని తోచలేదు. ఊరికే విన్నది.

తిరిగొచ్చాక నాన్న వెంటనే దిగలేదు. కాసేపు సీటు మీదే కూర్చుని, చేత్తో దాన్ని ఒకసారి తడిమి, అప్పుడు దిగాడు.

"ఎలా ఉంది నాన్నా బండి?"

"బాగుంది."

"ఇది ఏ బాగుంది? ఉప్పున్నదా లేనిదా?"

"ఉన్నదే."

"మరి నడిపినాయన?"

నాన్న కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఈ పాత ట్రాక్ నిండా గుంతలే తల్లీ. ప్రతి గుంతకీ ముందే 'గట్టిగా పట్టుకోండి మాస్టారూ' అంటున్నాడు. మీ అమ్మ ఎగిరెగిరి పడేది పాపం. అన్నేళ్ళలో నేను ఒక్కసారీ చెప్పలేదు." ఆయన కూతురి తల మీద చెయ్యి వేశాడు. "ఇతని వెనక కూర్చోవచ్చు. ఎంత దూరమైనా వెళ్ళొచ్చు."

అతను ఇదేమీ విననట్టు పావురం ట్యాంకు తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.